మాత్ర వెళ్ళే దారులు

వేదవతి తల్లిని ఎనిమిది నెలలు దగ్గు వదలలేదు. కఫం లేదు, జ్వరం లేదు, ఒట్టి పొడి దగ్గు. గొంతులో ఎవరో ఈక పెట్టి తిప్పుతున్నట్టు ఉంటుందనేది. మువ్వలో డాక్టరు సిరప్పులు రాశాడు. బందరు తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయన్నారు. అయినా క్షయేమోనన్న అనుమానం ఇంట్లో ఎవరినీ వదల్లేదు. ఆమె కంచం, గ్లాసు వేరు చేశారు. ఆమె తన కంచం తీసుకుని వెళ్ళి అరుగు మీద కూర్చుని తినేది.

అది 1993. వేదవతి అప్పుడు ఫార్మసీ మూడో ఏడు చదువుతోంది. సెలవులకు ఇంటికి వచ్చి తల్లి మందుల డబ్బా ముందేసుకుని కూర్చుంది. దగ్గు మొదలవడానికి రెండు వారాల ముందు రక్తపోటుకి కొత్త మాత్ర మొదలుపెట్టారని చీటీల మీద తేదీలు చూస్తే తెలిసింది. పాఠ్యపుస్తకం తీసింది. ఆ మాత్ర ఒంట్లో ఒక ఎంజైము పనిని ఆపుతుంది. అది ఆగితే రక్తపోటు దిగుతుంది. కానీ ఆ ఎంజైముకి ఇంకో పని కూడా ఉంది. ఊపిరితిత్తుల్లో చేరే ఒక పదార్థాన్ని ఎప్పటికప్పుడు విరగ్గొట్టేస్తూ ఉంటుంది. ఎంజైము ఆగిపోతే ఆ పదార్థం పేరుకుంటుంది, దాంతో దగ్గు వస్తుంది. పుస్తకంలో ఇదంతా ఒక్క పేరాలో ఉంది. వేదవతి అది పరీక్షలో రాసింది కూడా. మంచి మార్కులే వచ్చాయి.

డాక్టరుకి చెప్పి మాత్ర మార్పించారు. మూడు వారాలకు దగ్గు పోయింది. కంచం, గ్లాసు మళ్ళీ అందరి గిన్నెల్లో కలిశాయి.

వేదవతి తండ్రి రామమూర్తి నీటిపారుదల శాఖలో గుమాస్తా. కూతురు చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఒక లాకు మూస్తే రెండు కాలవలకు తగిలిందన్నమాట."

"అంతే నాన్నా."

"మా ఆఫీసులో తలుపు దించే ముందు పటం చూసుకుంటామమ్మా. ఏ ఊరికి నీళ్ళు ఆగుతాయి, ఎవరి చేను మునుగుతుంది, అన్నీ ముందే చూసుకుంటాం. మరి మీవాళ్ళు చూసుకోరా?"

చూసుకుంటారు, కానీ మనిషి ఒంట్లో ఉన్న దారులన్నీ ఇంకా ఎవరికీ తెలియవు అని వేదవతి చెప్పింది. ఆయన తల ఊపి పేపరు చదువుకోవడంలో పడ్డాడు. ఆమె మాత్రం ఆ ప్రశ్నను చాలా ఏళ్ళు మనసులో పెట్టుకుని తిరిగింది.

చదువయ్యాక పెళ్ళయింది. భర్త పాండురంగారావు బందరు పోస్టాఫీసులో పనిచేసేవాడు. ఆమె కొన్నాళ్ళు ఒక నర్సింగ్ హోములో మందులిచ్చే కిటికీ దగ్గర కూర్చుంది. తర్వాత గుడివాడ వైపు కొత్తగా ఒక ఫార్మసీ కాలేజీ వస్తే అందులో చేరింది. రోజూ పొద్దున్నే బందరు ప్యాసింజరు ఎక్కేది. పెడన, కవుతరం, గుడ్లవల్లేరు దాటేసరికి పాఠం సిద్ధమయ్యేది. వచ్చేటప్పుడు పరీక్ష పేపర్లు దిద్దుకునేది. అలా పదిహేనేళ్ళు గడిచాయి.

నలభై ఒకటో ఏట పిహెచ్.డి.కి పేరు నమోదు చేసుకుంది. ఏ మందు ఒంట్లో ఏ ఏ రసాయన మార్గాలను తాకుతుందో చూసి, దాని దుష్ప్రభావాలను ముందే ఊహించవచ్చా అన్నది ఆమె అంశం. అప్పటికి ప్రపంచంలో చాలామంది కలిసి ఆ మార్గాల పటాలు గీసి, ఎవరైనా చూసుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. ప్రయోగశాల అక్కర్లేదు. కాలేజీ కంప్యూటరు గదిలో మూలనున్న పాత యంత్రం చాలు. వేదవతి నూట ఇరవై పాత మందులు తీసుకుంది. వాటి దుష్ప్రభావాల జాబితాలు ఉన్న కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి, అంటించి, ప్రిన్సిపాల్ బీరువాలో దాచమంది. తర్వాత ఒక్కో మందు ఏ ప్రోటీనుకి అంటుకుంటుంది, ఆ ప్రోటీను ఏ మార్గంలో పనిచేస్తుంది, ఆ మార్గం గుండెలో ఉందా, పేగుల్లో ఉందా, చర్మంలో ఉందా అని వరసగా వెతుక్కుంటూ వెళ్ళి, ఫలానా చోట ఫలానా ఇబ్బంది రావచ్చు అని రాసుకుంది.

ఒకరోజు తోటి లెక్చరరు రత్నకుమారి అడిగేసింది.

"ఆ సైడ్ ఎఫెక్టులన్నీ తెలిసినవేగా మేడమ్? తెలిసినవాటిని మళ్ళీ కనుక్కోవడం దేనికండీ?"

"తెలిసినవాటి దగ్గర నా ఊహ నిలబడితేనే కదండీ, తెలియనివాటి గురించి నోరు విప్పడానికి నాకు అర్హత వచ్చేది."

ఆరేళ్ళకు కవరు చించారు. పదింట ఆరు సరిపోయాయి. మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన కళ్ళజోడు మీంచి చూస్తూ, మిగతా నాలుగు సంగతేమిటని అడిగాడు.

"రెండు చోట్ల పటంలో దారి ఉంది గాని, మందు అక్కడిదాకా చేరదండీ. ఒక చోట ఒక దారి మూసుకుపోతే ఒళ్ళు ఇంకో దారి తెరుచుకుంటోంది. నాలుగోది నాకు తెలియదు."

పరీక్షకుడికి ఆ చివరి మాటే నచ్చినట్టుంది. ఇంకేమీ అడగలేదు. వేదవతికి నలభై ఏడో ఏట పేరు ముందు డాక్టర్ చేరింది. పోస్టాఫీసులో పాండురంగారావు స్వీట్లు పంచాడు. ఒక సహోద్యోగి, "అయితే మా ఆవిడ మోకాళ్ళ నొప్పులు మేడమ్ గారికి చూపిస్తానండీ" అంటే, "ఆవిడ మందులు రాసే డాక్టరు కాదయ్యా, మందులను అనుమానించే డాక్టరు" అన్నాడట. ఆ మాట వేదవతికి బాగా నచ్చింది.

ఆ తర్వాత ఆమె తరగతిలో ఒక అలవాటు పెట్టింది. ప్రతి విద్యార్థీ తన ఇంట్లో ఎవరో ఒకరు వాడే మాత్ర పేరు తేవాలి. దాని గురించి ఎక్కడా చదవకూడదు. పటాలు మాత్రం చూసి, ఏమేం ఇబ్బందులు రావచ్చో రాయాలి. ఆ తర్వాతే మందు పెట్టెలో కంపెనీ వాళ్ళు పెట్టే దుష్ప్రభావాల కాగితం తెరవాలి. స్ట్రిప్పు కత్తిరించి నాలుగు మాత్రలిచ్చే మందుల షాపుల్లో ఆ కాగితం ఎటూ ఎవరి చేతికీ రాదు, వేదవతే తెప్పించి ఉంచేది.

మూడేళ్ళ కిందట మూడో సంవత్సరంలో వెన్నెల అనే పెడన అమ్మాయి ఉండేది. తండ్రి నాంచారయ్య కలంకారీ అద్దకం పనివాడు. ముప్పై ఐదేళ్ళుగా చెక్క అచ్చులతో బట్ట మీద రంగులద్దుతున్నాడు. ఆయనకు అంతకు కొద్దికాలం ముందు గుండె జబ్బు చేసింది. తేరుకున్నాడు గాని గుండె మరీ వేగంగా కొట్టుకుంటోందని డాక్టరు ఒక మాత్ర రాశాడు. వెన్నెల ఆ మాత్రనే ఎంచుకుంది. వారం తర్వాత కాగితం పట్టుకుని అనుమానంగా వచ్చింది.

"మేడమ్, నేను తప్పు రాశానేమో. ఇది గుండె మందు. నాకు కళ్ళ దగ్గర తేలింది."

"ఎందుకు తేలింది?"

"గుండెకి వేగం పెట్టే చోట ఒక తలుపు ఉంది కదండీ. మాత్ర దాన్ని మూస్తుంది. అలాంటి తలుపే ఇంకెక్కడ ఉందని వెతికితే కంటి వెనక పొరలో కనిపించింది. ఎక్కువ వెలుగు పడితే కన్ను సర్దుకోవడానికి అది పనికొస్తుందట. అదీ మూసుకుపోతే వెలుగు పోయాక కూడా పోనట్టే ఉంటుందేమో."

"తప్పెందుకవుతుంది? వెలుగు ఉన్నట్టుండి మారినప్పుడు కళ్ళలో మెరుపులు రావచ్చు అని రాయి. ఈ జాతి తలుపులు చెవిలో కూడా ఉన్నాయి. చెవుల్లో హోరు అని నా లెక్కలో రాయి."

ఇద్దరూ కలిసి కంపెనీ కాగితం తెరిచారు. కళ్ళలో మెరుపులు అన్నది మొదట్లోనే ఉంది. చెవుల మాట ఎక్కడా లేదు. వెన్నెల ముఖం వెలిగిపోయింది. వేదవతి మాత్రం కాగితం మడిచి, "మీ నాన్నగారిని అడిగావా?" అంది.

"అడిగానండీ. ఏమీ లేదన్నారు."

"ఏమని అడిగావు?"

"మాత్రతో ఏమైనా ఇబ్బందిగా ఉందా నాన్నా అని."

"అలా అడిగితే ఎవరైనా లేదనే అంటారమ్మా. షెడ్డులోంచి ఎండలోకి వచ్చినప్పుడు కళ్ళకి ఏం కనపడుతోంది అని అడుగు."

మర్నాడు వెన్నెల క్లాసు మొదలవకముందే స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడింది. ఆ ప్రశ్న వినగానే తండ్రి అన్నం ముద్ద కంచంలో వదిలేశాడట. "నీకెవరు చెప్పారు?" అన్నాడట.

శనివారం తిరుగు ప్రయాణంలో వేదవతి పెడన స్టేషనులో దిగింది. వెన్నెల ఆమెను అద్దకం షెడ్డుకి తీసుకెళ్ళింది. పొడవాటి బల్లల మీద తడి బట్టలు పరిచి ఉన్నాయి. నాంచారయ్య చేతిలో అచ్చు పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, ఆమెకు స్టూలు వేశాడు. మొదట పొడిపొడిగా మాట్లాడాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"అద్దిన బట్ట ఎండలో ఆరెయ్యడానికి బయటికెళ్తానండీ. గడప దాటేసరికి కళ్ళ ముందు వెలుగులే. చీకట్లో అగరొత్తి గుండ్రంగా తిప్పితే గీత నిలబడుతుంది చూడండి, అట్లాగన్నమాట. మళ్ళీ లోపలికొస్తే కాసేపు అచ్చు అంచు కనపడదు. గీతల అచ్చు మీద రంగు అచ్చు వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవాలండీ. కళ్ళు పోతే నేను దేనికి పనికొస్తాను?"

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరికని చెప్తానండీ. షావుకారుకి చెప్తే అద్దకం మాన్పించి బట్టలు ఉతికే పనికి పంపేస్తాడు. ఇంట్లో చెప్తే పిల్ల చదువు మానేస్తానంటుంది. మాత్ర మొదలెట్టాకే వచ్చింది గనక, మాత్రే తగ్గిద్దామని బ్లేడుతో సగం కోసి వేసుకున్నాను. తర్వాత రోజు మార్చి రోజు. మొన్న మేడ మెట్లెక్కుతుంటే గుండె దడదడలాడి మధ్యలో కూర్చుండిపోయాను."

వెన్నెలకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. గట్టిగా ఏదో అనబోయి మేడమ్ ఉందని ఆగింది.

"నేను రోగుల్ని చూసే డాక్టరుని కాదండీ" అంది వేదవతి. "ఇది మాత్ర వల్లేనని నా అనుమానం. అయితే అది కన్ను పాడవడం కాదు, కన్ను సర్దుకోవడం ఆలస్యం కావడం. కళ్ళు కూడా చూపిద్దాం. ఏ సంగతైనా డాక్టరు గారు తేల్చాలి. బ్లేడు మాత్రం పారెయ్యండి."

"నాకు మందిచ్చినవాళ్ళకే తెలియలేదు. నన్నెప్పుడూ చూడని మీకెలా తెలిసిందండీ?"

"నాకు కాదు, మీ అమ్మాయికి తెలిసింది. తననే చెప్పమనండి."

వెన్నెల నేల మీద చతికిలబడి, పనికిరాని బట్టముక్క వెనక పెన్సిలుతో గుండె గీసింది, కన్ను గీసింది, రెండింట్లోనూ చిన్న తలుపు గీసింది. నాంచారయ్య ముందుకి వంగి చూశాడు.

"ఒకే అచ్చు రెండు చీరల మీద పడ్డట్టన్నమాట."

"అవును నాన్నా. మనకి కావలసింది ఒక చీర మీద. మాత్రకి ఆ తేడా తెలియదు."

ఆయన ఆ బట్టముక్క మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం బందరులో గుండె డాక్టరు దయానందం గారి దగ్గరికి ముగ్గురూ వెళ్ళారు. ఆయన అంతా విని, బొమ్మ వేసిన బట్టముక్క కూడా చూశాడు. "ఇది నేనే ముందు చెప్పి ఉండాల్సింది. చూసేవాళ్ళు ఎక్కువై చెప్పడం తప్పిపోయింది" అన్నాడు. ఆ నిజాయితీకి నాంచారయ్యే ఇబ్బంది పడి, "పర్లేదులెండి" అన్నాడు. కళ్ళు పరీక్ష చేయిస్తే వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాయి. మోతాదు కొద్దిగా తగ్గించి, రోజూ మానకుండా వేసుకోమన్నారు. చాలామందికి కొన్నాళ్ళకు ఈ మెరుపులు వాటంతటవే తగ్గుతాయని చెప్పారు. బండి నడపవద్దన్నారు. ఆయనకు బండి లేదు.

షావుకారుకి వెన్నెలే వెళ్ళి చెప్పింది. ఆయన, "ఈమాత్రం దానికి ఇన్నాళ్ళు దాచుకున్నాడా" అని, నాంచారయ్య బల్లను తలుపు దగ్గర్నుంచి లోపలికి జరిపించి, బట్టలు ఆరేసే పని వేరేవాళ్ళకు అప్పగించాడు. రెండు నెలలయ్యేసరికి మెరుపులు ఎప్పుడో ఒకసారి వచ్చేవి. గుండె కూడా నిమ్మళించింది. ఆ తర్వాత రైల్వే గేటు దగ్గర వేదవతి కనపడితే నాంచారయ్య పలకరించాడు.

"మీరు చెవుల్లో హోరు కూడా వస్తుందన్నారటగా. నేను రోజూ చూస్తున్నానండీ, రాలేదు."

"అది నా తప్పేనండీ."

"పర్లేదండీ. రెండింట్లో ఒకటి నిజమైందిగా. మా షావుకారు డిజైన్లు కూడా అంతే."

దయానందం గారు ఆ సంగతిని అంతటితో వదల్లేదు. ఒకరోజు ఫోను చేసి, గురువారం సాయంత్రాలు ఒక గంట తన ఆస్పత్రికి వచ్చి రోగులతో మాట్లాడగలరా అని అడిగాడు. మెట్ల కింద ఒక బల్ల, రెండు కుర్చీలు వేయించాడు. వేదవతి ఆయన ఎక్కువగా రాసే మాత్రల పేర్లు తీసుకుని ఒక్కోదానికి ఒక్కో కార్డు తయారుచేసింది. కార్డు మీద జవాబులుండవు, ప్రశ్నలే ఉంటాయి. ఆ మాత్ర వెళ్ళే దారులు చూసుకుని, ఏ చోట ఏ తేడా రావచ్చో అంచనా వేసి, దాన్ని మామూలు మాటల్లో అడిగే ప్రశ్నగా మార్చింది. ఏదైనా తేలితే డాక్టరుకి చెప్పి, ప్రభుత్వానికి పంపే ఫారం నింపేది. కొన్ని గురువారాలు ఏమీ తేలేది కాదు. జనం ఊరికే వచ్చి కూర్చుని, కోడళ్ళ గురించీ, వరి కోత యంత్రాల గురించీ చెప్పి వెళ్ళేవాళ్ళు. ఆ గంట మాత్రం ఆమెకు వారమంతటిలో ఇష్టమైన గంట అయింది. వెన్నెల గుంటూరులో పై చదువుకి వెళ్ళేదాకా పక్కన కూర్చుని రాసిపెట్టేది. ఇప్పుడు తన కార్డులు తనే తయారుచేసుకుని, చూడమని ఫోనులో పంపిస్తోంది.

పోయిన శ్రావణంలో మహాలక్ష్మమ్మ అనే ఆవిడ వచ్చింది. కోడూరు అవతల, సముద్రం దగ్గర ఊరు. అరవై దాటాయి. రక్తపోటుకి, గుండె దడకి కలిపి రెండు నెలలుగా ఒక మాత్ర వేసుకుంటోంది. వేదవతి కార్డు తీసి అడుగుతూ పోయింది. చేతులు చల్లబడుతున్నాయా? లేదు. మెట్లెక్కితే ఆయాసమా? లేదు. ఆ మాత్ర మెదడులోకి కూడా వెళ్తుంది. నిద్రని నడిపించే పదార్థం ఒకటి దానివల్ల తగ్గుతుంది. అందుకని కార్డులో ఇంకో ప్రశ్న ఉంది.

"కలల్లో ఏమైనా తేడా ఉందా అండీ? ముందుకంటే స్పష్టంగా గాని, రంగుల్లో గాని?"

మహాలక్ష్మమ్మ మెట్ల వైపు చూసింది. ఎవరూ లేరని రూఢి చేసుకుంది.

"అది కూడా రాసుంటుందా అమ్మా మీ కాగితంలో?"

"ఉంటుందండీ. కొంతమందికి వస్తాయి."

"మా అక్క వస్తోందమ్మా. డెబ్బై ఏడు ఉప్పెనలో పోయింది. నాకప్పుడు పదిహేనేళ్ళు, దానికి పద్దెనిమిది. మనిషి కూడా దొరకలేదు. మా ఇంట్లో ఒక్క ఫొటో లేదు. దాని మొహం మర్చిపోయి ఎన్నో ఏళ్ళయింది. ఈ మాత్ర మొదలెట్టిన నాలుగో రోజు వచ్చింది."

"వచ్చి ఏం చేస్తుంది?"

"ఏముంది, తల దువ్వుకుంటుంది. ఇద్దరం కలిసి పీతలు ఏరతాం. దానికి ముక్కు పక్కన పుట్టుమచ్చ ఉందని నాకు గుర్తే లేదమ్మా. ఇప్పుడు రోజూ చూస్తున్నాను."

ఆ పుట్టుమచ్చ నిజంగా ఉండేదో లేదో ఏ పటమూ చెప్పలేదు. వేదవతి ఆ మాట ఎత్తలేదు.

"భయంగా ఉంటుందా? నిద్ర చెడుతోందా?"

"భయమెందుకు, మా అక్కేగా. హాయిగా నిద్రపోతున్నాను." ఆవిడ మందుల సంచి దగ్గరికి లాక్కుంది. "మీరిది రాస్తే డాక్టరు గారు మాత్ర మార్చేస్తారా?"

"రాయక తప్పదండీ. మీకు ఇబ్బంది లేదని కూడా రాస్తాను. కూర్చోండి, అడిగొస్తాను."

దయానందం గారు లోపల ఫారం చదివాడు. మహాలక్ష్మమ్మ నాడి, రక్తపోటు, నిద్ర, అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో మళ్ళీ చూసుకున్నాడు. కళ్ళజోడు తీసి, "ఇదే కొనసాగిద్దామండీ. ఎప్పుడైనా ఇబ్బంది అనిపిస్తే రమ్మనండి, అప్పుడు మారుద్దాం" అన్నాడు.

ఆ మాట చెప్పగానే మహాలక్ష్మమ్మ లేచి నిలబడి, సంచి చంకకి తగిలించుకుంది. అవతల కోడూరు బస్సుకి టైమవుతోంది. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగింది.

"మా వీధిలో ఒకామె ఇదే మాత్ర వేసుకుంటోందమ్మా. దానికి ఎవరూ రావట్లేదంట."

"అందరికీ రావండీ."

"దాని అక్క బతికే ఉందిలే" అని, మహాలక్ష్మమ్మ గబగబా బస్టాండు వైపు నడిచింది.